మూడు ఓట్ల లెక్క: టెక్సాస్‌లో సిటీ కౌన్సిల్‌కి పోటీ చేయాలనుకునే తెలుగువారికి

ఏప్రిల్‌లో అప్రైజల్ నోటీసు వస్తుంది. అందులో ఇంటి విలువ చూసి గుండె గుభేలుమంటుంది. వాట్సాప్ గ్రూపులో నాలుగు రోజులు అదే గోల. ఆ విలువ ఎక్కువని ప్రొటెస్ట్ వేసేవాళ్లు వేస్తారు, దానికి గడువైన మే 15 దాటాక అందరూ మర్చిపోతారు. కానీ సిటీ పన్ను రేటు తేలేది ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో, సిటీ హాల్లో. ఆ సాయంత్రం అక్కడ కుర్చీలన్నీ ఖాళీ. నేను మొదటిసారి బడ్జెట్ హియరింగ్‌కి వెళ్లినప్పుడు, సిటీ ఉద్యోగులను పక్కనపెడితే, జనం ముగ్గురమే ఉన్నాం. కోట్ల డాలర్ల బడ్జెట్ అరగంటలో పాసైపోయింది.

ఆ రోజు నుంచి నేర్చుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను. నా నమ్మకం ముందే చెప్పేస్తాను. సిటీ పని నీళ్లు, మురుగు, రోడ్లు, పోలీసు, ఫైర్. వాటిని శుభ్రంగా చేసి, మిగతా డబ్బు ఎవరి ఇంట్లో వాళ్లకి వదిలేయాలి. మీరూ అలాగే అనుకుంటుంటే, ఫ్రిస్కో, ప్లేనో, మెకిన్నీ, ఇర్వింగ్ లాంటి ఊళ్లలో ఇల్లు కొనుక్కుని స్థిరపడ్డవారైతే ఇది మీ కోసమే. ఇందులో చెప్పే చట్టాలు టెక్సాస్‌వి. వేరే రాష్ట్రంలో ఉన్నవాళ్లు అక్కడి నిబంధనలు చూసుకోవాలి.

ముందు బిల్లు చదవండి

ఇంటి పన్ను బిల్లు తీసి బల్ల మీద పెట్టుకోండి. అందులో స్కూల్ డిస్ట్రిక్ట్, కౌంటీ, సిటీ, కాలేజీ విడివిడిగా ఉంటాయి. పెద్ద వాటా స్కూల్ డిస్ట్రిక్ట్‌ది. దానికి సిటీ కౌన్సిల్‌తో సంబంధం లేదు. 2025 నవంబరులో ఓటర్లు స్కూల్ పన్ను మీద హోమ్‌స్టెడ్ మినహాయింపును (సొంతానికి ఉంటున్న ఇంటి విలువలో పన్ను పడని భాగాన్ని) 1,00,000 నుంచి 1,40,000 డాలర్లకు పెంచారు, అది వేరే లెక్క. ఈ తేడా తెలియకుండా సిటీ హాల్‌కి వెళ్లి స్కూల్ పన్ను గురించి కేకలేస్తే, రెండోసారి మీ మాట ఎవరూ వినరు.

ఇప్పుడు సిటీ వరస చూడండి. రేటు ప్రతి 100 డాలర్ల విలువకి ఇన్ని సెంట్లని ఉంటుంది. 40 సెంట్లు అనుకుందాం. పన్ను పడే విలువ 5,00,000 డాలర్లైతే సిటీకి మీరు కట్టేది 2,000. వచ్చే ఏడు విలువ 8 శాతం పెరిగి రేటు అలాగే ఉంటే 2,160 కడతారు. "మేము రేటు పెంచలేదు" అని సిటీ చెప్పే మాట నిజమే. మీ జేబులోంచి 160 డాలర్లు ఎక్కువ పోయిందన్నదీ నిజమే.

ఈ రెండు నిజాల మధ్య తేడాని చట్టం ఒక పేరుతో గుర్తిస్తుంది: నో న్యూ రెవెన్యూ రేటు. నిరుడు ఉన్న అవే ఆస్తుల మీద నిరుడు వచ్చినంత డబ్బే రావాలంటే ఈ ఏడు రేటు ఎంతుండాలో అది చెబుతుంది. కొత్తగా కట్టిన ఇళ్ల మీద వచ్చేది దానికి అదనం. అంటే ఈ రేటు పెట్టినా ఎదుగుతున్న ఊరికి ఆదాయం పెరుగుతూనే ఉంటుంది. ఇంకో అంకె ఓటర్ అప్రూవల్ రేటు. రోజువారీ ఖర్చులకి వసూలుచేసే పన్నుని 3.5 శాతం కంటే ఎక్కువ పెంచాలంటే నవంబరులో ఓటర్లను అడగాలని 2019లో చేసిన చట్టం చెబుతోంది. పాత ఏళ్లలో వాడుకోకుండా మిగిల్చిన శాతాన్ని తర్వాత కలుపుకునే వెసులుబాటు ఉంది, చిన్న ఊళ్లకు వేరే మినహాయింపులూ ఉన్నాయి. మొదట్లో వాటితో బుర్ర పాడుచేసుకోవద్దు.

అసలు గుర్తుపెట్టుకోవలసింది ఇది. నో న్యూ రెవెన్యూ రేటు దాటి పన్ను పెట్టాలంటే కౌన్సిల్ సభ్యుల్లో కనీసం 60 శాతం మంది అనుకూలంగా ఓటెయ్యాలి, ఎవరు ఎటు ఓటేశారో రికార్డు కావాలి. ఏడుగురు ఓటేసే కౌన్సిల్లో 60 శాతమంటే 4.2, అంటే ఐదుగురు. ముగ్గురు ఒప్పుకోకపోతే ఆ పెంపు ఆగిపోతుంది. అసలు ఏ రేటూ ఖరారు కాకపోతే, నిరుటి రేటు, నో న్యూ రెవెన్యూ రేటు, ఈ రెండిట్లో తక్కువదే అమల్లోకి వస్తుంది. కౌన్సిల్ అంతా మనవైపు తిప్పుకోవాలని ఎవరూ కలలు కనక్కర్లేదు. మూడు కుర్చీలు చాలు. అందులో ఒకటి మీది కావచ్చు.

ఒక్క పద్దు పట్టుకోండి

"ప్రభుత్వం చిన్నదిగా ఉండాలి" అని సభలో మాట్లాడితే ఎవరికీ ఏమీ పట్టదు. "ఫలానా పద్దులో నిరుడు ఇంత, ఈ ఏడు ఇంత, ఎందుకు?" అని అడిగితే సిటీ మేనేజర్ జవాబు చెప్పాలి. అందుకే బడ్జెట్ పుస్తకం డౌన్‌లోడ్ చేసుకుని, ఒకే ఒక్క పద్దు ఎంచుకోండి. నన్నడిగితే మూడు చోట్ల వెతకమంటాను.

మొదటిది అప్పు. 3.5 శాతం హద్దు రోజువారీ ఖర్చులకే. అప్పు తీర్చడానికి వేసే పన్ను ఆ హద్దులోకి రాదు. బాండ్లైతే ఓటర్లను అడిగి తీసుకోవాలి. కానీ సర్టిఫికెట్ ఆఫ్ ఆబ్లిగేషన్ అనే రకం అప్పుని కౌన్సిల్ తనంత తానే తీసుకోవచ్చు. ముందుగా పేపర్లో, వెబ్‌సైట్లో నోటీసు వేస్తే చాలు. ఆ నోటీసు వచ్చాక సుమారు నెలన్నర గడువు ఉంటుంది. ఈలోగా ఊరి ఓటర్లలో 5 శాతం మంది సంతకాలతో పిటిషన్ ఇస్తే, ఎన్నిక పెట్టకుండా ఆ అప్పు తీసుకోవడానికి వీల్లేదు. నేను చూసినంతలో ఈ సంగతి పదేళ్లుగా ఇక్కడున్న మనవాళ్లకి కూడా తెలియదు. పేపర్ల వెనక పేజీల్లో చిన్న అక్షరాల్లో వచ్చే ఆ నోటీసు కోసం కాపు కాయండి. 5 శాతం అనగానే భయమేస్తుంది గానీ, నలభై మంది వాలంటీర్లు ఆరు శనివారాలు తిరిగితే చిన్న, మధ్య తరహా ఊళ్లలో అయ్యే పనే.

రెండోది కంపెనీలకు, డెవలపర్లకు ఇచ్చే ప్రోత్సాహకాలు. చాప్టర్ 380 ఒప్పందాలంటారు. ఒక వ్యాపారం మన ఊరికి వస్తే పన్నులో కొంత తిరిగిచ్చేస్తామనో, రోడ్డు వేయిస్తామనో సిటీ మాటిస్తుంది. ఒప్పందంలో ఎన్ని ఉద్యోగాలు వస్తాయన్నారు, ఇప్పటికి ఎన్ని వచ్చాయి? ఈ ఒక్క ప్రశ్నతో ఏడాది గడిచిపోతుంది. మూడోది ప్రతిష్ఠ కోసం కట్టే కట్టడాలు. ఇలాంటి విషయంలో జనాన్ని అడిగితే ఏం జరుగుతుందో 2025 మేలో ఫ్రిస్కోలో చూశాం. పెర్ఫార్మింగ్ ఆర్ట్స్ సెంటర్ ప్రతిపాదనలను ఓటర్లు తిరస్కరించారు. కళలంటే గిట్టక కాదు. మన పిల్లలు కూచిపూడి, సంగీతం నేర్చుకుంటున్నవాళ్లే. ఖర్చు ఎవరి నెత్తిన పడుతుందన్నదే ప్రశ్న.

పోలీసు, ఫైర్ పద్దుల జోలికి మొదటే వెళ్లకండి. బడ్జెట్లో పెద్ద ముక్కలు అవే కాబట్టి కత్తెర అక్కడ పెట్టాలనిపిస్తుంది. అంబులెన్స్ ఆలస్యమైన ఇంట్లో మీ వాదన నిలబడదు, నిలబడకూడదు కూడా.

కాగితాలు కావాలంటే టెక్సాస్ పబ్లిక్ ఇన్ఫర్మేషన్ చట్టం కింద సిటీ సెక్రటరీకి ఈమెయిల్ పెట్టండి. ఎందుకు అడుగుతున్నారో చెప్పనక్కర్లేదు. ఇవ్వకూడదని సిటీ అనుకుంటే పది పనిదినాల్లోపు అటార్నీ జనరల్ నిర్ణయం కోరాలి. "ఖర్చుల వివరాలన్నీ పంపండి" అని రాస్తే కుప్పలు వస్తాయి, లేదా పెద్ద బిల్లు వస్తుంది. "ఫలానా కంపెనీతో ఫలానా ఏడాది చేసుకున్న ఒప్పందం, దాని కింద చెల్లింపులు" అని సూటిగా అడగండి. ఆ ఆఫీసులో ఉన్నవాళ్లతో మర్యాదగా ఉండండి. రేపు మీ నామినేషన్ తీసుకునేది కూడా వాళ్లే.

మైకు ముందు మూడు నిమిషాలు

సిటీ మీటింగ్ ఎజెండా ముందుగా వేయాలి. 2025 సెప్టెంబరు నుంచి అది కనీసం మూడు పనిదినాలు. బడ్జెట్ మీద మీటింగైతే మధ్యరకం విలువున్న ఇంటి మీద పన్ను ఎంత మారుతుందో చెప్పే పత్రం కూడా దానితో పెట్టాలి. సిటీ తనే లెక్క కట్టి ఇచ్చిన ఆ పత్రాన్ని ప్రింటు తీసుకుని చేత్తో పట్టుకెళ్లండి.

ఎజెండాలో కన్సెంట్ అనే భాగం ముందు చూడాలి. పదో ఇరవయ్యో అంశాలు ఒక్క ఓటుతో పాసైపోతాయి. లక్షల డాలర్ల కాంట్రాక్టులు తరచు అక్కడే ఉంటాయి. ఒక సభ్యుడు అడిగితే ఏ అంశాన్నైనా బయటికి తీసి విడిగా చర్చించాలి. కాబట్టి మీటింగ్ రోజు పొద్దున్నే ఏదో ఒక కౌన్సిల్ మెంబరుకి "ఈ అంశం బయటికి తీయండి, కారణమిది" అని నాలుగు వాక్యాల ఈమెయిల్ పంపండి. నాలుగుసార్లు పంపితే ఒకసారి తీస్తారు.

ఎజెండాలో ఉన్న అంశం మీద మాట్లాడే హక్కు 2019 నుంచి చట్టం ప్రకారం అందరికీ ఉంది. సాధారణంగా మూడు నిమిషాలిస్తారు. పౌరసత్వం అడగరు. ఎజెండాలో లేని విషయం మీద మీరు మాట్లాడనిచ్చినా వాళ్లు చర్చించలేరు, అది వాళ్ల పొగరు కాదు, చట్టమే అంత. మరో మంచి సంగతి: అనువాదకుడితో మాట్లాడేవారికి, అప్పటికప్పుడు అనువదించే పరికరాలు లేని చోట, కనీసం రెట్టింపు సమయం ఇవ్వాలి. మీ వీధిలో ఉండే పెద్దాయన తెలుగులో మాట్లాడితే, మీ అమ్మాయి పక్కన నిలబడి ఇంగ్లీషులో చెప్పొచ్చు. కాలనీలో పార్కు దీపాలు వెలగట్లేదన్న మాట రోజూ అక్కడ నడిచే డెబ్భై ఏళ్ల మామ్మగారి నోట వస్తే ఆ హాలు నిశ్శబ్దమైపోతుంది.

మూడు నిమిషాల్లో ఒక్క అంకె, ఒక్క ప్రశ్న. అంతకంటే వద్దు. చివర ధన్యవాదాలు చెప్పి కూర్చోండి. ఇలా ఏడాది పొడుగునా వెళితే ఆఖరికి సిటీ ఉద్యోగులే మిమ్మల్ని పేరుపెట్టి పలకరిస్తారు. ఈలోగా ప్లానింగ్ అండ్ జోనింగ్ (ఎక్కడ ఏం కట్టొచ్చో చూసేది) లాంటి సిటీ బోర్డుల్లో ఖాళీ వస్తే దరఖాస్తు పెట్టండి. ఊరు ఎలా నడుస్తుందో కౌన్సిల్ కంటే అక్కడే బాగా అర్థమవుతుంది. న్యూజెర్సీలో ఉపేంద్ర చివుకుల అసెంబ్లీలో 2002 నుంచి 2014 దాకా ఉన్నారంటే, ఆయన మొదలుపెట్టింది ఫ్రాంక్లిన్ టౌన్‌షిప్ కౌన్సిల్లోనే. ఆయన పార్టీ, ఆయన విధానాలు నావి కావు, కానీ మెట్టు మెట్టు ఎక్కిన ఆ తీరు చూసి నేర్చుకోవలసిందే.

పోటీకి అర్హత, కాగితాలు

అమెరికా పౌరసత్వం, 18 ఏళ్లు, ఓటరు నమోదు. టెక్సాస్‌లో ఏడాది, ఆ సిటీలో ఆరు నెలలు నివాసం. ఇవి సాధారణ నియమాలు. సొంత చార్టర్ (సిటీకి మూల చట్టం లాంటిది) ఉన్న సిటీలు ఇంకొంచెం కఠినంగా పెట్టుకోవచ్చు, కాబట్టి చార్టర్ చదవండి. గ్రీన్ కార్డు మీద పోటీ కుదరదు. ఓటూ కుదరదు. తెలియక ఓటరుగా నమోదైనా ఇమ్మిగ్రేషన్ విషయంలో పెద్ద చిక్కు వస్తుంది. డీఎల్ ఆఫీసులో ఫారం మీద గబగబా టిక్కు పెట్టేయకుండా చూసుకోమని మీ తమ్ముళ్లకి, చెల్లెళ్లకి చెప్పండి.

మే మొదటి శనివారం ఎన్నిక జరిగే సిటీల్లో నామినేషన్లు జనవరి మధ్యలో మొదలై ఫిబ్రవరి మధ్యలో ముగుస్తాయి. ఎన్నికకు 78వ రోజు ముందు సాయంత్రం ఐదు గంటలు ఆఖరి గడువు. నవంబరులో జరిగే సిటీలైతే ఆగస్టు. దరఖాస్తు ప్రమాణం చేసి సంతకం పెట్టాలి. ఆఖరి రోజుదాకా ఆగకండి, చిన్న తప్పుంటే సరిదిద్దుకునే సమయం ఉండాలి.

దానికంటే ముందు చేయవలసింది ఇంకోటుంది. కాంపెయిన్ ట్రెజరర్‌ని నియమించే ఫారం సిటీ సెక్రటరీకి ఇవ్వకుండా ఒక్క డాలరు తీసుకోకూడదు, ఖర్చు పెట్టకూడదు. బంధువు ప్రేమతో కవరు చేతిలో పెట్టినా సరే. లెక్కలంటే ప్రాణం పెట్టే మనిషిని ట్రెజరర్‌గా పెట్టుకోండి.

బ్యాలెట్ మీద పేరు గురించి ఆలోచించండి. మన పేర్లు పొడుగు, ఇంటిపేరు ఎక్కడ పెట్టాలో పాస్‌పోర్టు దగ్గర నుంచే తికమక. చట్టం పది అక్షరాలు మించని ఒక్క మాట ముద్దుపేరును అనుమతిస్తుంది, కనీసం మూడేళ్లుగా అందరూ మిమ్మల్ని అలా పిలుస్తుండాలి. పోటీ చేసే ఏడాది హఠాత్తుగా "స్టీవ్" అయిపోవడం కుదరదు, అలా అవ్వాల్సిన అవసరమూ లేదు. "సత్య" అని ఆఫీసులో, స్కూల్లో పిలుస్తుంటే అదే వేసుకోండి.

డబ్బు

మనవాళ్లు ఎక్కువగా తప్పుచేసేది ఇక్కడే కాబట్టి కాస్త ఆగి చదవండి.

హెచ్‌వన్‌బీ మీద, ఎఫ్‌వన్ మీద ఉన్నవాళ్లు, చూడటానికి వచ్చిన తల్లిదండ్రులు చందా ఇవ్వకూడదు. ఇది ఫెడరల్ చట్టం, సిటీ ఎన్నికకీ వర్తిస్తుంది. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు ఇవ్వొచ్చు. వీసా మీద ఉన్న స్నేహితుడు జీతం లేకుండా వాలంటీరుగా తిరగొచ్చు, కానీ డబ్బు ఎక్కడ ఖర్చు పెట్టాలన్న నిర్ణయాల్లో పాలుపంచుకోకూడదు. ఇల్లు అద్దెకిచ్చే సొంత కంపెనీ ఖాతాలోంచి చెక్కు రాస్తామంటారు. టెక్సాస్‌లో కార్పొరేషన్ల చందా నిషేధం, తీసుకోకండి. నగదు ఒక రిపోర్టు కాలంలో ఒక మనిషి నుంచి 100 డాలర్లు మించకూడదు. నేనైతే నగదు అసలే వద్దంటాను. బిర్యానీ పార్టీలో హాలు అద్దె, వంట ఖర్చు ఎవరైనా భరిస్తే అది కూడా చందా కిందికే వస్తుంది, రాసుకోవాలి. ఎన్నికకి 30 రోజుల ముందు, 8 రోజుల ముందు లెక్కలు దాఖలు చేయాలి, అవి అందరూ చదువుతారు.

తెలుగు సంఘం ఉగాది వేదిక మీద మీకు ఓటెయ్యమని అడగాలనిపిస్తుంది. 501(సి)(3) హోదా, అంటే పన్ను మినహాయింపున్న సేవాసంస్థ హోదా, ఉన్న సంస్థ ఏ అభ్యర్థికీ మద్దతివ్వకూడదు. సంఘాన్ని ఇరకాటంలో పెట్టకండి. పండక్కి మామూలుగా వెళ్లి పచ్చడి తిని, నలుగురినీ పలకరించి రండి.

తలుపులు తట్టడం

మే నెల సిటీ ఎన్నికల్లో చాలా ఊళ్లలో ఓటేసేది పది మందిలో ఒకరైనా ఉండరు. లక్ష మంది ఓటర్లుంటే 8 శాతం లెక్కన 8,000 ఓట్లు. గెలవడానికి 4,001. పదవీకాలం రెండేళ్ల కంటే ఎక్కువున్న సిటీల్లో సగం పైన రావాలి, ఎవరికీ రాకపోతే మొదటి ఇద్దరి మధ్య మళ్లీ ఎన్నిక, అదే రన్నాఫ్. రన్నాఫ్‌లో ఇంకా తక్కువమంది వస్తారు.

కౌంటీ ఎలక్షన్స్ ఆఫీసులో ఓటర్ల జాబితా దొరుకుతుంది, ఎవరు ఏ ఎన్నికలో ఓటేశారో ఉంటుంది. ఎవరికేశారో ఉండదు. గత మూడు మే ఎన్నికల్లో రెండిట్లో అయినా ఓటేసినవాళ్లను వేరుచేయండి. వాళ్లే మీ మొదటి తలుపులు. అందులో ఎక్కువమంది మనవాళ్లు కారు. ఇరవై ఏళ్లుగా అక్కడున్న తెల్లవాళ్లు, రిటైరైనవాళ్లు. స్థిరమైన ఆదాయం మీద బతికేవాళ్లకి పన్ను గురించి మీరు కొత్తగా చెప్పేదేమీ లేదు, వాళ్లే మీకు చెబుతారు. వినండి. నోటుబుక్కులో రాసుకోండి. "మా వీధి చివర మ్యాన్‌హోల్ మూత మూడు నెలలుగా విరిగి ఉంది" అంటే తిరిగివచ్చి సిటీకి ఫిర్యాదు పెట్టి, పని అయ్యాక మళ్లీ వెళ్లి చెప్పండి. నేను పనిచేసిన ప్రచారంలో ఓట్లు తెచ్చింది కరపత్రం కాదు, ఆ రెండోసారి వెళ్లడమే.

మనవాళ్ల తలుపులు రెండో విడత. ఇక్కడ చేయవలసింది ఒప్పించడం కాదు, పోలింగ్‌కి కదిలించడం. నవంబరులో అధ్యక్ష ఎన్నికకి గంటసేపు లైన్లో నిలబడినవాళ్లే మే శనివారం ఇంట్లో ఉండిపోతారు. ఎన్నికకి 30 రోజుల ముందే ఓటరు నమోదు పూర్తికావాలి. ఇంగ్లీషు చదవడం కష్టమైన పెద్దవాళ్లు తమకి నచ్చిన మనిషిని సాయానికి లోపలికి తీసుకెళ్లొచ్చు. పనిచ్చే యజమాని, యూనియన్ మనిషి తప్ప ఎవరైనా ఫర్వాలేదు. సాయం వచ్చినవాళ్లు టెక్సాస్‌లో ప్రమాణం చేసి ఫారం నింపాలి. అత్తయ్యగారిని కూతురు తీసుకెళ్లడం పూర్తిగా చట్టబద్ధం.

రెండు చిన్న జాగ్రత్తలు. కరపత్రాన్ని మెయిల్‌బాక్స్‌లో పెట్టకండి, తపాలా స్టాంపు లేనిది అందులో పెట్టడం నేరం. యార్డ్ సైన్లు రోడ్డు పక్క సిటీ స్థలంలో పాతకండి. ఇంటి ముందు పెట్టుకోవడాన్ని మాత్రం ఎన్నికకి 90 రోజుల ముందు నుంచి హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) ఆపలేదు. హెచ్‌ఓఏ నోటీసు చూసి భయపడి పీకేసినవాళ్లు మా వీధిలోనే ఉన్నారు.

తలుపు దగ్గర చెప్పాల్సింది ఒక్కటే: మీ పద్దు. ఏడాదిగా మీరు వెంటపడ్డ ఆ అప్పు, ఆ ఒప్పందం, ఆ అంకె. పార్కులు, రోడ్లు, స్కూళ్లు, ఆకాశం అన్నీ చెబితే ఏదీ గుర్తుండదు.

గెలిస్తే, ఓడితే

గెలిస్తే, ప్రమాణ స్వీకారం చేసిన 90 రోజుల్లోపు ఓపెన్ మీటింగ్స్ (సభలు బహిరంగంగా జరగాలన్న చట్టం) శిక్షణ పూర్తిచేయాలి. కోరం (సభ జరగడానికి ఉండాల్సిన కనీస సంఖ్య) సరిపడా సభ్యులు విడివిడిగా ఫోన్లలో మాట్లాడుకుని నిర్ణయానికి రావడం కూడా నేరమేనని అక్కడ చెబుతారు, వాట్సాప్ అలవాటున్న మనకి అది చెవినవేసుకోవలసిన మాట. కొత్తవారికి సిటీ ఉద్యోగులు చాలా మర్యాద చేస్తారు. ఆ మర్యాదలో మెత్తబడి మొదటి కన్సెంట్ ఓటు కళ్లు మూసుకుని వేసేస్తారు. అలా వద్దు. మొదటి మీటింగ్‌లోనే ఒక అంశం బయటికి తీయించి, ప్రశ్న అడిగి, జవాబు బాగుంటే అనుకూలంగానే ఓటేయండి.

తర్వాత ఇంకో పని. టెక్సాస్‌లో సిటీలు తమ పన్ను మీద ఇంటి విలువలో 20 శాతం దాకా హోమ్‌స్టెడ్ మినహాయింపు ఇవ్వొచ్చు. మీ సిటీ పూర్తిగా ఇస్తోందా? ఇవ్వకపోతే జూలై 1కి ముందే నిర్ణయం తీసుకోవాలి. మేలో గెలిచినవాడికి అంటే ఆరు వారాలే ఉంటాయి. అందుకని ప్రమాణ స్వీకారానికి ముందే దాని ముసాయిదా రాసిపెట్టుకోండి, ఏడుగురి కౌన్సిల్లో మెజారిటీకి కావలసిన మిగతా మూడు ఓట్ల కోసం ఎవరిని ఒక్కొక్కరిగా కాఫీకి పిలవాలో కూడా.

ఓడిపోతే వారం రోజులు విశ్రాంతి తీసుకోండి. ఎన్నిక రోజు సాయంత్రమే వాలంటీర్లకి ఫోన్ చేసి కృతజ్ఞతలు చెప్పండి, యార్డ్ సైన్లు మీరే తిరిగి ఏరండి. నోటుబుక్కు మాత్రం పారేయకండి. ఆగస్టులో బడ్జెట్ హియరింగ్ ఉంటుంది. ఈసారి ఆ నోటుబుక్కులో పేర్లున్న వాళ్లకి ఫోన్ చేసి, ఆ సాయంత్రం ఆరు గంటలకి సిటీ హాల్ ముందు కలుద్దామని చెప్పండి.